అమ్మవారు ఒప్పుకున్న కోడి

మొన్న మంగళవారం నా రక్తపరీక్ష కాగితాలు చూసి డాక్టరమ్మ నాకు కోడిమాంసం రాసింది. మందు రాసినట్టే రాసింది. వారానికి మూడు పూటలు, పూటకు అరచేతిలో పట్టేంత, చర్మం తీసేసి, నూనె తగ్గించి. పక్కన ఆకుకూర, పప్పు, మజ్జిగ మామూలే. నా వయసులో కండ కరిగిపోతుందట, కరిగినదాన్ని నిలబెట్టుకోవాలంటే ఉత్త చారన్నం చాలదట. నాకు డెబ్బై ఆరు. ఆమెకు ముప్పై దాటి ఉండవు. అయినా బుద్ధిగా తలూపి వచ్చాను. సాయంత్రం మనవరాలు దుకాణం నుంచి ఒక డబ్బా తెచ్చి మూత తీసింది. లోపల ఎముక లేదు, చర్మం లేదు, కాలో రెక్కో చెప్పే గుర్తు లేదు. కొత్త సబ్బుబిళ్లల్లాగా తెల్లటి ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. నేను కళ్లజోడు సర్దుకుని డబ్బా అంతా వెతికి, “మెడ ఏదే?” అని అడిగాను. “మెడా? అదెవరు తింటారు అమ్మమ్మా!” అని నవ్వింది. ఎవరు తింటారో నాకు తెలుసు. అందుకే ఇదంతా రాయాలనిపించింది.

మాది సూళ్లూరుపేటకు తూర్పున, పులికాటు వైపు ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఊరు. అయిదున్నర అని మా నాయన అనేవాడు. ఆయన బండి మీద పోయేవాడు, నేను నడిచినదాన్ని, నా లెక్కే సరైనది. ఊరికి పడమర వరిచేలు, తూర్పున ఉప్పునేల. ఆ ఉప్పునేల మొదలయ్యే చోట గుడీ గోపురమూ లేని ఒక నల్లరాయి, దానికి పసుపు కుంకుమ. అదే మా అమ్మవారు. ఇంట్లో తినేవాళ్లం ఏడుగురం: తాత, అవ్వ, నాయన, అమ్మ, నేను, నా ఇద్దరు తమ్ముళ్లు. అవ్వ అంటే మా నాయన తల్లి. పెరట్లో కోళ్లు ముప్పైకి తగ్గేవి కావు. మేము పేదవాళ్లం కాము, కోళ్లకు కరువూ లేదు. కరువల్లా వాటిని కోయడానికి కారణం దొరకడంలోనే. అల్లుడు రావాలి, లేదా అమ్మవారి జాతర రావాలి, లేదా పెట్ట ముసలిదై గుడ్లు మానెయ్యాలి. ఒంట్లో బాగాలేదని కోడిని కొయ్యడం మా వాడలో ఎవరూ ఎరగరు. ఒంట్లో బాగాలేకపోతే గంజి.

కోసిన రోజున పంపకం అవ్వ గరిటెది. ఒక కోడికి రెండే కాళ్లు గనక ఒకటి తాతకు, ఒకటి నాయనకు. కారిజం తాతకే. రొమ్ముముక్కలు తమ్ముళ్లకు, కందనకాయలో సగం నాకు, మిగతా సగం తమ్ముళ్లిద్దరూ కొట్టుకోవడానికి. అందరూ చేతులు కడుక్కున్నాక అవ్వా అమ్మా వంటింట్లో ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. చట్టిలో అప్పటికి మిగిలేవి మెడ, వెన్ను, అడుగంటిన మసాలా. ఇది అన్యాయమని ఎవరూ అనుకోలేదు. పొద్దు తూర్పున పొడిచినంత మామూలుగా మెడ వాళ్ల వంతుకు వచ్చేది.

1960 ఫిబ్రవరిలో నా మూడో తమ్ముడు పుట్టాడు. కాన్పు ఇంట్లోనే జరిగింది, సులువుగానే జరిగింది. నాలుగోరోజున అమ్మకు జ్వరం పట్టుకుంది. మంత్రసాని కషాయాలు, ఊళ్లోని నాటువైద్యుడి మాత్రలు అయిపోయాయి. జ్వరం ఎలాగో దిగింది గానీ మనిషి లేవలేదు. రెండు నెలలు గడిచినా మంచం మీంచి నూతిగట్టు దాకా నడిస్తే రొప్పు. ముఖం వెల్లవేసిన గోడలా తయారైంది. అవ్వ బాలింతలకు పెట్టే సొరచేప పుట్టు చేసి పెట్టింది, వెల్లుల్లి కారం పెట్టింది. రెండు ముద్దలు తిని పక్కకు నెట్టేసేది. పాలు చాలక పసివాడు ఏడ్చేవాడు. మొదట్లో గట్టిగా ఏడ్చేవాడు. తర్వాత్తర్వాత వాడి గొంతు చిన్నదైపోయింది. గట్టిగా ఏడ్చినప్పుడు విసుక్కున్న వాళ్లమే, అది తగ్గేసరికి భయపడ్డాం.

ఏప్రిల్ మొదటివారంలో నాయన బండి కట్టాడు. అమ్మను పరుపు మీద పడుకోబెట్టి, పసివాణ్ణి అవ్వ ఒళ్లో పెట్టుకుని, నన్ను గొడుగు పట్టడానికి ఎక్కించుకుని సూళ్లూరుపేటకు తీసుకుపోయాడు. అక్కడ మద్రాసులో చదువుకుని వచ్చిన డాక్టరు గారు ఒకాయన రైలుస్టేషను దగ్గర వైద్యం చేసేవారు. నుదుట విభూతి, పల్చటి చొక్కా లోంచి జంధ్యం. అమ్మ కనురెప్ప కిందికి లాగి చూశారు, గోళ్లు నొక్కి చూశారు. ఇనుము మాత్రలు రాసిచ్చి, “మాత్ర ఒక్కటే చాలదు. తిండి కావాలి. ఇంట్లో కోళ్లున్నాయా?” అని అడిగారు.

“ముప్పై ఉండాయి సామీ,” అంది అవ్వ గర్వంగా.

“అయితే సగం మందు మీ పెరట్లోనే తిరుగుతోంది. వారానికి ఒకసారి, వీలైతే రెండుసార్లు లేతకోడి. వేపుళ్లు వద్దు. చర్మం, కొవ్వు తీసేసి, మిరియం వేసి చారులా కాచండి. చారు పోసి ముక్కలు మీరు తినెయ్యడం కాదు, ముక్కలూ ఆమే తినాలి. మునగాకు వెయ్యండి. నిమ్మకాయ పిండండి. రోజుకొక గుడ్డు, రాగిసంకటి, పప్పు. ఇదంతా కలిస్తేనే రక్తం.”

“పచ్చి బాలింతరాలు సామీ. కోడి వేడి. పాలు తాగే బిడ్డకి కాక చేస్తాది.”

“సొరపుట్టు పెట్టారా?”

“పెట్టినాం.”

“సొర ఏమన్నా గుమ్మడికాయా? అదీ మాంసమే కదమ్మా!”

ఓడిపోయిన చోట అవ్వ మాట మార్చేది. బండి ఎక్కాక అంది: “వెల్లుల్లిపాయ గూడా ముట్టని ఆయప్ప కోడికి చర్మం తియ్యమని మనకి చెప్తుండాడు, చూడు! చర్మం తీస్తే దాంట్లో ఇంకేం రుచి ఉంటాదంట?” పరుపు మీద పడుకున్న అమ్మ నవ్వింది. చిన్న నవ్వే. కానీ ఫిబ్రవరి తర్వాత అదే మొదటిది. నాయన పగ్గాలు పట్టుకునే వెనక్కి తిరిగి చూశాడు.

కాళంగి ఏరు దాటాక అవ్వ మాట్లాడటం మానేసింది. ఎండకనుకున్నాం. ఇల్లు చేరి, నాయన కత్తి నూరుకుని ఎర్రపుంజు వెనక పడేసరికి అడ్డంగా వచ్చి నిలబడింది.

“కొయ్యబాకరా. అది అమ్మోరిది.”

“సరే, ఆ నల్లది పడతా.”

“అదీ అమ్మోరిదే.” అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అన్నీ అమ్మోరియే. కోడలికి జరమొచ్చిన రాత్రి మొక్కినా. తల్లీబిడ్డా లేచి తిరిగితే ఈ గడపలో తిరిగే కోళ్లన్నీ నీయేనని.”

నులకమంచం మీంచి తాత లేచి కూర్చున్నాడు. “ముప్పై కోళ్లా! ఒకటి మొక్కితే ఇనదా ఏంది అమ్మోరు? చెవుడా?”

“దాని ఒళ్లు పెనం మాదిరి కాలిపోతుంటే ఒకటా రెండా అని ఏళ్లు మడుచుకుంటా కూసోమంటావా?”

చిక్కు ఎక్కడుందో పదేళ్ల పిల్లకు కూడా అర్థమైంది. అమ్మ లేచి తిరిగితే గానీ కోళ్లను ముట్టుకోకూడదు. కోళ్లను తింటే గానీ అమ్మ లేచి తిరగదు.

నాయన పట్టుదల మనిషి. శుక్రవారం సంతకు పోయి, బయటి కోడికి మొక్కు అంటదని ఒక పుంజును కొనుక్కొచ్చాడు. కాళ్లకు తాడు కట్టి, నేల తగలకుండా చెయ్యి పైకెత్తి పట్టుకుని ఆరు మైళ్లూ అలాగే వచ్చాడు. గడప దగ్గరికి రాగానే నా పెద్దతమ్ముడు సంబరంగా ఎదురుపరుగెత్తి నాయన మోకాళ్లను చుట్టేసుకున్నాడు. నాయన తూలాడు. పుంజు రెక్కలు విదిల్చింది, తాడు జారింది. అంతే, గడప మీదుగా లోపలికి దూకి, గాదె కింద దూరి, అక్కణ్ణుంచి ఇల్లు తనదే అన్నట్టు కూసింది. తాత దగ్గు వచ్చేదాకా నవ్వి, “ముప్పై ఒకటి!” అన్నాడు.

“నేను పక్కింట్లో కోయించి కూర తెస్తా,” అన్నాడు నాయన ఉక్రోషంగా.

దానికి ఒప్పుకోనిది అవ్వ కాదు, అమ్మే. గోడకు ఆనుకుని కూర్చుని, పసివాణ్ణి దగ్గరికి లాక్కుని, “నాకోసం మొక్కిన మొక్కు. నా నోటితో నేనే చెడగొట్టుకుంటే, రేపు వీడికేమన్నా అయితే?” అంది. ఆ మాట తర్వాత నాయన కత్తి తీసుకెళ్లి చూరులో పెట్టేశాడు. పసివాడు ఆ పూట ఏడవనే లేదు.

మూడోరోజు ఉదయం అవ్వ నాయనతో, “మొక్కిందాన్ని నేను. పోయి నేనే అడుగుతా,” అంది. మా వైపు అమ్మవారిని అడగడానికి ఒక పద్ధతి ఉంది. కోడిని రాయి ముందు నిలబెట్టి, మనసులోని మాట పైకి చెప్పి, దాని నెత్తిన పసుపునీళ్లు పొయ్యాలి. కోడి ఒళ్లు జలదరించి విదిలించుకుంటే అమ్మవారు ఒప్పుకున్నట్టు. కదలకుండా నిలబడితే లేదన్నట్టు. దాని మీద ఇంక వాదన లేదు.

ఉదయం ఎనిమిది గంటలకు అవ్వ, నాయన, నేను ఉప్పునేల దగ్గరికి పోయాం. సంతలో కొన్న పుంజును నాయన పట్టుకున్నాడు. ఆకు కూడా కదలని ఉక్క. అవ్వ రాయికి దణ్ణం పెట్టి ఎదురుగా గొంతుక్కూర్చుంది. పొరుగింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడింది.

“అమ్మా, ముప్పై ఒకటీ నీయే. నేను కాదనలా. నీ కోళ్లని నువ్వే నా కోడలికి పెట్టు. వారానికొకటి నీ ముందరే కోస్తా. తలకాయ నీకు, కూర దానికి. అది లేచినాక బిడ్డనెత్తుకోని నీకాడికే నడిచొస్తాది. సరేనా?”

నీళ్లు పోసింది. పుంజు ముక్కు మీదుగా నీళ్లు కారాయి. అది తల పక్కకు వంచి మమ్మల్ని చూసింది. మళ్లీ పోసింది. పుంజు వంగి రాయి ముందున్న పసుపుబియ్యం ఏరుకు తినడం మొదలుపెట్టింది. మండే ఎండలో చల్లటి నీళ్లు పడితే దానికి హాయిగా ఉన్నట్టుంది. నాయన తల వంచుకున్నాడు. “పోదాం పామ్మా,” అన్నాడు మెల్లిగా. అవ్వ ముఖంలో నేను అంతకు ముందెన్నడూ చూడని భయం కనిపించింది. చెంబు బోర్లించి, లేచి, చీర దులుపుకుంది.

“ఇంత పొద్దున్నే అమ్మోరికి ఏం ఇనపడతాది? మళ్లా వస్తాం,” అంది.

ఇంటికి వచ్చి పుంజును గంప కింద మూసింది. అన్నం తినలేదు. వీధి అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని తూర్పు దిక్కు చూస్తూ ఉండిపోయింది. అక్కడ చూడటానికి ఏమీ లేదు, దూరంగా నాలుగు తాటిచెట్లు తప్ప. మధ్యాహ్నం మూడు కావస్తుండగా ఆ తాటాకులు గలగలమన్నాయి. పులికాటు మీదుగా సముద్రపు గాలి మళ్లింది. వేసవిలో మా ఊరికి రోజూ ఆ వేళకే అది వస్తుంది. దాని కోసమే ఆడవాళ్లు గింజలు తూర్పారబట్టడం ఆ వేళకు అట్టిపెట్టుకునేవాళ్లు. అవ్వ ఒక్క ఉదుటున లేచింది. “లెయ్యరా, అమ్మోరు లేచినట్టుండాది,” అని నాయనను తట్టి లేపింది. ఈసారి నీళ్లు నూతిలోవి కాదు. వంటింటి మూల ఇసకలో పాతిపెట్టిన కుండలోవి, పళ్లు జివ్వుమనేంత చల్లటివి.

ఉప్పునేల మీద గాలికి అడ్డమే లేదు. నా పావడా కాళ్లకు చుట్టుకుంటోంది. అవ్వ ఉదయం చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. చివర ఒక్క ముక్క కలిపింది. “నువ్వూ ఆడదానివే గదా తల్లీ. చూస్తా ఊరుకుంటావా?” చెంబు వంచింది. పుంజు ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. తురాయి నుంచి తోక దాకా ఒక్కసారి జలదరించి విదిలించుకుంది. మా ముగ్గురి ముఖాల మీదా పసుపునీళ్లు చిందాయి.

“ఒప్పుకుంది!” అని అవ్వ కేక పెట్టింది. నాయన ముఖం తుడుచుకుంటూ తాటిచెట్ల వైపు ఒకసారి, అవ్వ వైపు ఒకసారి చూశాడు. ఏమీ అనలేదు. మా నాయన తెలివైనవాడు.

ఇంటికి రాగానే, “నిజంగా ఒప్పుకుందా అత్తా?” అని అమ్మ అడిగింది. “నీ కూతుర్నడుగు,” అంది అవ్వ. నేను పసుపు మరకలు పడ్డ పావడా చూపించాను. అమ్మ ఆ మరకలను వేలితో తాకి కళ్లకద్దుకుంది.

డాక్టరు గారు చెప్పింది చెప్పినట్టు చేసింది అవ్వ. చర్మం తీసేటప్పుడు మాత్రం సొంతమనిషి పోయినట్టు నిట్టూర్చింది. మిరియాలు, జీలకర్ర, చిన్న ఉల్లిపాయలు నూరి, గుప్పెడు మునగాకు వేసి కట్టెల మంట మీద కాచింది. మునగాకు పచ్చివాసన పోయి మిరియం ఘాటు వాకిలి దాకా వచ్చేసరికి తాత రెండుసార్లు అటూ ఇటూ నడిచాడు. గూడూరు నిమ్మకాయ ఒకటి పిండి దించింది. అప్పుడు మా ఇంట్లో ఎన్నడూ జరగనిది జరిగింది. మగవాళ్లకంటే ముందు అమ్మకు పీట వేసింది. రెండు కాళ్లూ తీసి అమ్మ పళ్లెంలోనే పెట్టింది.

అమ్మ చెయ్యి తనంతట తానే కదిలింది. ఒక కాలు తీసి పక్కన కూర్చున్న నా పెద్దతమ్ముడి వైపు జరిపింది. అవ్వ విసనకర్రతో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. “ఎవురికీ పెట్టబాక. అమ్మోరితో చెప్పిందేంది? కూర నీకని గదా?” అమ్మ కాలుముక్క చేతిలోకి తీసుకుని కొరికింది. నమిలింది. మళ్లీ కొరికి, ఆగి, ముక్కను తిప్పి చూసుకుంది.

“దీంట్లో ఇంత కండ ఉంటాదా అత్తా?” అంది.

అమ్మ ఆ ఇంటికి వచ్చి అప్పటికి పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లలో ఎన్ని కోళ్లను అల్లం దంచి, మసాలా నూరి, ఉప్పు చూసి దించిందో నేను లెక్కగట్టడానికి ఎన్నోసార్లు ప్రయత్నించి మానుకున్నాను. విసనకర్ర ఆగిపోయింది. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని, “నాకేం తెలుసు మే? నేనూ ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ మెడేగా,” అంది.

అమ్మ రెండో కాలు తీసి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ వద్దనబోయింది. “అమ్మోరు నాకిచ్చింది. నాది నేను ఎవురికైనా ఇచ్చుకుంటా,” అంది అమ్మ. రెండు నెలల్లో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. అవ్వ గోడ వైపు తిరిగి కూర్చుని, ఆ కాలు ఎముక తెల్లబడేదాకా తినింది.

వాకిట్లోంచి తాత గొంతు వినిపించింది. “మాకేమన్నా మిగిలిందా?”

“మెడుండాది, రా!” అంది అవ్వ.

ఆ వేసవి అంతా వారానికొక కోడి, రోజుకొక గుడ్డు, రాగిసంకటి, మునగాకు, ఇనుము మాత్రలు. కోడి ఒక్కటే బాగుచేసిందని నేననను. డాక్టరు గారు చెప్పినట్టు అన్నీ కలిసే చేశాయి. జూన్‌లో అమ్మ నూతిగట్టు దాకా రొప్పకుండా నడిచింది. పసివాడి గొంతు మళ్లీ ఇల్లెగిరిపోయేలా మోగింది; ఈసారి ఎవరమూ విసుక్కోలేదు. ఆషాఢం జాతరకు అమ్మ వాణ్ణి చంకనెత్తుకుని ఎవరి ఆసరా లేకుండా ఆ రాయి దాకా నడిచి వెళ్లింది. ఇప్పుడు వాడికి అరవై ఆరు. ఫోనులో వాడు మాట్లాడితే నేను ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకుంటాను.

మొక్కు మాత్రం తీరలేదు. ఒక పక్క మేము వారానికొకటి కోస్తుంటే, ఇంకో పక్క పెట్టలు పొదుగుతూనే ఉన్నాయి. గడపలో పుట్టిన పిల్లలన్నీ గడపలో తిరిగేవే గనక అవీ అమ్మవారి ఖాతాలోకే పోయాయి. ఏడాది తిరిగేసరికి ముప్పై ఒకటి కాస్తా ముప్పై ఎనిమిది. “ఇది నా మనవడి కాలందాకా తీరదు,” అనేవాడు తాత. అందువల్ల ఆ దశాబ్దమంతా మా ఇంట్లో వారానికోసారి కోడిచారు తప్పలేదు. ముందు పళ్లెం ఎవరు నీరసంగా ఉంటే వాళ్లది. పరీక్షలప్పుడు నాది, కామెర్లు వచ్చి లేచినప్పుడు నాయనది, కళ్ల ఆపరేషనయ్యాక తాతది. మెడ వంతులవారీగా తిరిగేది.

1967లో, నేను గూడూరులో టీచరు ట్రైనింగుకు చేరబోయే ముందు, ఒక సాయంత్రం అవ్వ పక్కన అరుగు మీద కూర్చుని ఉండగా తాటాకులు గలగలమన్నాయి. ఏడేళ్లుగా కడుపులో దాచుకున్నది అడిగేశాను. “అవ్వా, ఆ పొద్దు నువ్వు గాలి కోసమే కదా కూర్చున్నావు? పుంజును జలదరింపజేసింది గాలి కదా?”

అవ్వ తమలపాకు ఈనె తీస్తూ నా వైపు చూడకుండానే అంది: “గాలెవురిదే? అమ్మోరిది గాదా?”

నేను ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఈ జవాబులో తప్పు ఎక్కడుందో ఇంతవరకు దొరకలేదు.

నిన్న మనవరాలు నా పోరు పడలేక బజారుకు పోయి నాటుకోడి తెచ్చింది, మెడతో సహా. చర్మం తీసి, మిరియం, మునగాకు వేసి నేనే దగ్గరుండి చేయించాను. తనకు ఒక కాలు, నాకు ఒక కాలు పెట్టుకున్నాం. మెడను చెరిసగం చేశాను. అది కొరికి, “దీనికి ఇంత రుచి ఉంటుందా అమ్మమ్మా?” అంది. అదే మాట, ఇంకో ముక్క గురించి. తిన్నాక ఇద్దరం మేడ మీద కూర్చున్నాం. నెల్లూరులో మా మేడ మీదికి కూడా ఆ తూర్పుగాలి వస్తుంది, కట్టడాల మధ్య దారి వెతుక్కుంటూ, కాస్త ఆలస్యంగా. పొద్దున కాదన్నది సాయంత్రానికి అవునవుతుంది. మధ్యలో ఎవరో ఒకరు అన్నం మానుకుని అరుగు మీద కూర్చుని తాటాకుల వైపు చూస్తూ ఉండాలి, అంతే.